ఆనుకుని నిలబడాల్సిన పాఠం

కిందటి నెల మా వీధిలో కొత్తగా అద్దెకు దిగిన ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఈ మధ్యే ట్రెయినింగు పూర్తిచేసి హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరిందట. "మాస్టారూ, అలల పాఠం ఎన్నిసార్లు చెప్పినా పిల్లలకి ఆ రెండు రకాలకీ తేడా తలకెక్కడం లేదు. మీరెట్లా చెప్పేవాళ్లు?" అని అడిగింది. బాగానే చెప్పేవాణ్నమ్మా అన్నాను. కాఫీ తాగి, దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. ఆమె వెళ్లాక నా మీద నాకే విసుగు పుట్టింది. రిటైరైన వాళ్లం అందరం ఇట్లాగే మాట్లాడతాం. ఆ పాఠం ఒక సంవత్సరం నేను సగమే చెప్పాను. ఎందుకు సగం చెప్పానో, దానివల్ల ఎవరికి ఏం జరిగిందో ఆ అమ్మాయికి చెప్పలేదు. అది ఇక్కడ రాస్తున్నాను.

నాకొచ్చిన ఇంక్రిమెంట్లు, బదిలీలు, చివరి రోజున కప్పిన శాలువా, వీటి గురించి రాయను. రాసే ఓపిక నాకు లేదు, చదివే ఓపిక మీకూ ఉండదు. ఉద్యోగం అంటే నాకు గుర్తున్నది నాలుగైదు ముఖాలు. అందులో ఒకటి ఎప్పుడూ ముందుకొచ్చి నిలబడుతుంది.

బీరువా

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. గురజాలకీ మాచర్లకీ మధ్య ఒక ఊళ్లో హైస్కూలు. ఊరి పేరు రాయను. అప్పటి ఊరి పెద్దల మనవలు ఇంకా అక్కడే కాపురం ఉంటున్నారు, వాళ్లతో నాకు తగాదా వద్దు. నేను సైన్సు అసిస్టెంటుని. అప్పటికి ఆక్టింగే, పర్మనెంటు కాలేదు. ఇంట్లో అమ్మ, చదువుకునే తమ్ముళ్లిద్దరు. నా ఉద్యోగం మీద ముగ్గురు తింటున్నారు. ఈ సంగతి సాకుగా చెప్పడం లేదు. కానీ చెప్పకపోతే తర్వాత నేను చేసిన పని మీకు అర్థం కాదు.

సైన్సు సామాను అంతా హెడ్మాస్టరు గారి గదిలో ఒక బీరువాలో ఉండేది. తాళం చెవి ఆయన జంధ్యానికి కట్టుకునేవారు. ఆ తాళం తీయించడం కన్నా ఆయన చేత సెలవు మంజూరు చేయించడం తేలిక. లోపల ఉన్నది కూడా ఏమంత లేదు. పగిలిన ప్రిజం, సూది లేని దిక్సూచి, ఒక ట్యూనింగు ఫోర్కు. ఆ ఫోర్కుని ఒకసారి ఊరి పెద్ద ఒకాయన చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి, "ఇదేంది పంతులూ, వంకాయలు కాల్చుకునేదా?" అన్నాడు. లిస్టులో మటుకు ఒక పొడుగాటి తీగచుట్ట స్ప్రింగు అని ఉంది. అది ఎవరి ఇంట్లో ఏ తలుపుకి వేలాడుతోందో నాకు తెలియదు. యుద్ధం అయ్యేదాకా కొత్తది రాదు అని హెడ్మాస్టరు గారు తేల్చేశారు.

హెడ్మాస్టరు గారిని దుర్మార్గుడని రాయడం తేలిక. ఆయన దుర్మార్గుడు కాదు. వేళకు వచ్చేవారు, ఒక్క పిల్లవాణ్నీ కొట్టేవారు కాదు. ఆయనకి ఒకే భయం, బడి మీద ఊళ్లో మాట పుట్టకూడదు. "సుబ్బారావు గారూ, పాఠం రేపయినా చెప్పుకోవచ్చు. బడి మూతపడితే చెప్పుకోలేం" అనేవారు. ఆయన కింద పనిచేసిన ఆరేళ్లలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. వినగా వినగా నాకూ అది న్యాయంగానే తోచింది.

తాడూ వరసా

పాఠం సంగతి చెప్తాను. ఇది కొత్తవాళ్లకి పనికొస్తుంది.

అల రెండు రకాలు. మొదటిదానికి ఒక చేంతాడు చాలు. ఒక కొస కిటికీ ఊచకి కట్టి, రెండో కొస పట్టుకుని ఒక్కసారి విదిలిస్తే తాట్లో ఒక మిట్ట లేచి కిటికీ దాకా పరుగెత్తుతుంది. తాడు నడిమధ్య ఎర్రగుడ్డ పీలిక కట్టాలి. పిల్లల్ని ఆ పీలికనే చూడమనాలి. మిట్ట కిటికీ వైపు పోయింది, పీలిక ఉన్నచోటే పైకి లేచి కిందకి దిగింది. అల పోయే దారికి అడ్డంగా కదలడం. దాన్ని తిర్యక్ తరంగం అంటాం. ఎగసిన చోటు శృంగం, దిగిన చోటు ద్రోణి. ఈ పాఠం ఎవడైనా చెప్తాడు.

రెండోది కష్టం, ఎందుకంటే కంటికి కనపడదు. శబ్దం గాలిలో పోయేది ఈ పద్ధతిలోనే. ఇక్కడ గాలి కణాలు పైకీ కిందకీ ఎగరవు. అల ఎటు పోతుందో అటే ముందుకు జరిగి, మళ్లీ వెనక్కి వచ్చి తమ చోట్లో నిలబడతాయి. దగ్గర పడ్డచోట సంపీడనం, పలచబడ్డచోట విరళీకరణం. మొత్తాన్ని అనుదైర్ఘ్య తరంగం అంటాం. స్ప్రింగు ఉంటే ఒక్క నిమిషంలో చూపించవచ్చు. లేదు గనక నేను పిల్లల్ని వాడాను. పదిమందిని వరసగా, ఒకడి భుజాల మీద ఇంకొకడు చేతులు వేసి నిలబడమనేవాణ్ని. చివరివాడి వీపు మీద మెల్లిగా ఒక తోపు తోసేవాణ్ని. వాడు ముందువాణ్ని తోస్తాడు, వాడు తన ముందువాణ్ని. పదో వాడి దగ్గర మొదలైన తోపు ఒకటో వాడికి చేరుతుంది, పిల్లలు మాత్రం ఎక్కడివాళ్లక్కడే ఉంటారు. వరండాలో నాపరాళ్ల మీద జారి ఇద్దరు ముగ్గురు కిందపడేవాళ్లు, అందరూ పకపకా నవ్వేవాళ్లు. ఆ నవ్వు అయ్యేసరికి పాఠం అయిపోయేది. రెండేళ్లు ఇట్లా చెప్పాను. రెండేళ్లూ ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. ఎందుకు రాలేదో నేను ఆలోచించలేదు. అందరూ ఊళ్లో పిల్లలే, ఒకరినొకరు తాకితే పోయేదేమీ లేనివాళ్లే.

దావీదు

మూడో ఏడు సిక్స్తుఫారంలో దావీదు చేరాడు. ఊరవతల హరిజనవాడ పిల్లవాడు. వేరే ఊళ్లో మిషను బడిలో చదివి, ఆఖరి ఏడు ఇంటి దగ్గర ఉండి చదవాల్సి వచ్చి మా దగ్గరికి వచ్చాడు. తండ్రి ఏసోబు నాపరాళ్ల గనిలో పలకలు తీసేవాడు. దావీదు స్కూలు ఫైనలు పాసైతే పంతులు ట్రెయినింగుకి పంపుతామని మిషను వాళ్లు మాట ఇచ్చారు. ఆ ఒక్క పరీక్ష దాటితే వాడి బతుకు గనిలోంచి బడిలోకి వస్తుంది. ఈ సంగతి నాకు మొదటి రోజునే తెలుసు, వాడే చెప్పాడు.

వాణ్ని చేర్చుకోవద్దని ఊళ్లోంచి కబురు వచ్చినా హెడ్మాస్టరు గారు చేర్చుకున్నారు. అది ఆయన మంచితనం. కాకపోతే వాడికి విడిగా ఒక బెంచీ, మంచినీళ్లు పైనుంచి పోసే ఏర్పాటు. అది కూడా ఆయనదే.

అలల పాఠం నాడు పదిమందిని పేర్లు పిలిచాను. రోలు నంబర్ల ప్రకారం పిలవడంతో దావీదు కూడా వచ్చి వరసలో అందరికన్నా ముందు నిలబడ్డాడు. వాడి వెనక నిలబడాల్సినవాడు చలపతి. వెంకటప్పయ్య గారి కొడుకు. వెంకటప్పయ్య గారు బడికి స్థలం ఇచ్చిన రైతు. చలపతి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడిపోయాడు.

"చెయ్యి వెయ్యరా" అన్నాను.

"మా నాయన సంపుతాడండి" అన్నాడు. వాడి గొంతులో పొగరు లేదు, భయమే ఉంది.

అప్పుడు నేను చెయ్యగలిగినవి చాలా ఉన్నాయి. వాళ్లిద్దరి మధ్య నేనే నిలబడి దావీదు భుజాల మీద చేతులు వేసి ఉండవచ్చు. ఆ ఆలోచనే రాలేదు. "దావీదూ, నువ్వు ఒక బారెడు ముందుకు జరిగి నిలబడు" అన్నాను. వాడు జరిగాడు. చివరివాణ్ని తోశాను. తోపు వరసంతా పాకి చలపతి దాకా వచ్చింది. చలపతి ఎక్కడ ముందుకు తూలిపోతానో అని కాళ్లు బిగబట్టుకుని ఆగిపోయాడు.

ఎప్పటిలాగే ఒక్కొక్కణ్నీ అడిగాను, తోపు తెలిసిందా అని. తెలిసిందండీ, తెలిసిందండీ అన్నారు. అలవాటు కొద్దీ దావీదుని కూడా అడిగాను.

"నాకాడికి రాలేదండి" అన్నాడు.

"వచ్చిందనుకో" అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నాకేమీ అనిపించలేదు. గంట కొట్టారు, ఇంకో క్లాసుకి వెళ్లిపోయాను.

తాడుతోనే రెండూ

మధ్యలో బారెడు ఖాళీ వదిలినా గొడవ తప్పలేదు. మర్నాడు వెంకటప్పయ్య గారు హెడ్మాస్టరు గారి గదికి వచ్చారు. నన్ను పిలిపించారు.

"ఏందయ్యా, పిలకాయల్ని వరసగా నిలబెట్టి ఒకడి మీద ఒకణ్ని తోస్తన్నావంట. అందులో ఆ ఏసోబు కొడుకు కూడా ఉన్నాడంట. సదువు సెప్తన్నావా, తిరణాల సేస్తన్నావా?"

"ముట్టుకోలేదండీ, దూరంగానే నిలబెట్టాను" అన్నాను. నా సమర్థన అది.

ఆయన వెళ్లాక హెడ్మాస్టరు గారు నెమ్మదిగా చెప్పారు. "రెండు రకాల అలలు ఉన్నాయన్నారు గదా. ఆ తాడు రకం ఎవరినీ ముట్టుకోకుండా చెప్పవచ్చు. అది చేసి చూపించండి. రెండోది నోట్సు చెప్పేయండి. పరీక్షలో అడిగేది నిర్వచనమే గదా."

నేను అంతకంటే ఒక మెట్టు దిగాను. ఆ వరసకీ శబ్దానికీ సంబంధం ఏమిటో ఎవరికీ చెప్పనే లేదు, మిగతా క్లాసుకి వరసలో నిలబడే వంతే రాలేదు. అందరికీ శబ్దం గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు కూడా ఆ తాడే తెచ్చి ఊపాను. "శబ్దం కూడా దాదాపు ఇట్లాంటిదే, కొంచెం తేడా" అన్నాను. ఆ కొంచెం తేడా ఏమిటో నోట్సులో రెండు వాక్యాలు చెప్పించాను. పిల్లలు రాసుకున్నారు, బట్టీ పట్టారు. కంటితో చూసింది తాడు, నోటితో అప్పజెప్పింది నోట్సు. ఈ రెండూ ఒకదానికొకటి పొసగడం లేదని వాళ్లకి తోచలేదు. నాకు తెలుసు, అయినా ఊరుకున్నాను. కొత్తగా చేరేవాళ్లకి ఒకటి చెప్తాను. తెలియక తప్పు చెప్పే మేష్టరు వల్ల పిల్లలకి జరిగే నష్టం తక్కువ. తెలిసి సగం చెప్పేవాడితోనే చిక్కు.

ఇన్‌స్పెక్షను

దసరా సెలవులయ్యాక ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. బళ్లారి వైపు మనిషి, మాకు కొత్త. బడికి సున్నం వేయించాం, గుమ్మాలకి మామిడాకులు కట్టాం. వెంకటప్పయ్య గారు, ఇంకో ముగ్గురు పెద్దలు దండలతో వరండాలో కూర్చున్నారు. నా ఉద్యోగం పర్మనెంటు అయ్యేదీ లేనిదీ ఆయన రాసే రెండు ముక్కల మీద ఆధారపడి ఉంది.

ఆయన సిక్స్తుఫారానికి వచ్చి కూర్చుని శబ్దం గురించి అడిగారు. అనుదైర్ఘ్య తరంగం అంటే ఏమిటి అంటే చలపతి లేచి నా నోట్సు అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. ఆయన తృప్తిగా తలాడించి, "బాగుంది. ఇప్పుడు నేను మాట్లాడుతున్నాను గదా, మధ్యలో గాలి ఎట్లా కదులుతోందో చేత్తో చూపించు" అన్నారు.

చలపతి చెయ్యి చాపి పాము పాకినట్టు పైకీ కిందకీ ఆడించాడు. ఆయన మిగతావాళ్లని చూపించమన్నారు. క్లాసంతా చేతులు పైకీ కిందకీ ఆడించింది. ముప్పైమంది పిల్లలు, ఒక్క తప్పు, ఆ తప్పు నాది. ఇన్‌స్పెక్టరు గారు నా వంక చూశారు.

విడి బెంచీలోంచి దావీదు చెయ్యెత్తాడు. ఆయన చెప్పమన్నారు. వాడు అరచెయ్యి నిలబెట్టి ముందుకూ వెనక్కూ ఆడించాడు.

"పైకీ కిందకీ కాదండి. ముందుకీ ఎనక్కీ."

"నీకెట్లా తెలుసు?"

"రాళ్ల కాడ సూశానండి. మా నాయన పలకకి ఆ కొసన సుత్తితో కొడతాడండి. నేను ఈ కొసన అరసెయ్యి ఆనిచ్చి పెడతానండి. పలక కదలదు గానీ దెబ్బొచ్చి సేతిని నెడద్దండి. నెడితే రాయి మంచిదని. మద్దెలో పగులుంటే అక్కడే ఆగిపోయిద్ది, సేతికి రాదండి."

ఇన్‌స్పెక్టరు గారు కుర్చీలో ముందుకు వంగారు. అంతదాకా ఆయన ముఖంలో ఉన్న విసుగు పోయింది. "మరి మీ మేష్టరు గారు చూపించలేదా?" అని అడిగారు.

దావీదు నా వంక చూశాడు. చూపించలేదంటే నా ఉద్యోగం సంగతి అంతే. వాడు తడుముకోలేదు. "సూపించారండి. వరసగా నిలబెట్టి తోసి సూపించారండి" అన్నాడు.

నన్ను కాపాడదామనే అన్నాడు వాడు. ఇన్‌స్పెక్టరు గారు ఇంకా సంతోషించి, "వరసా? ఎక్కడా చూడలేదే. ఏదీ, ఇప్పుడు చేయించండి" అన్నారు.

తప్పలేదు. వరండాలో పదిమందిని నిలబెట్టాను. దావీదుని ఆయనే రమ్మన్నారు. వాడు వచ్చి, ఎవరూ చెప్పకుండానే చలపతికి బారెడు దూరంలో నిలబడ్డాడు.

"ఆ అబ్బాయి అంత దూరంగా ఎందుకున్నాడు? దగ్గరికి జరగమనండి" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

వెంకటప్పయ్య గారు కుర్చీలోంచి లేచారు. హెడ్మాస్టరు గారు ఇన్‌స్పెక్టరు గారి వెనక నిలబడి నా వంక చూసి తల అడ్డంగా ఊపారు. బడిలో అంటు పాటిస్తున్నారని ఇన్‌స్పెక్టరు గారు రాస్తే బడికి దెబ్బ. పాటించకపోతే ఊళ్లోవాళ్లు బడి ఖాళీ చేయిస్తారు. ఈ రెంటి మధ్యా నాకు ఒక అబద్ధం దొరికింది.

"అతనికి గజ్జి ఉందండీ. అంటుకుంటుందని దూరంగా ఉంచాం" అన్నాను.

దావీదు తన చేతుల వంక చూసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు గారు నిజంగానే బాధపడ్డారు. "ఇంత తెలివైన పిల్లవాడు, పాపం" అన్నారు. ఆ వెంటనే, అంటువ్యాధి ఉన్నవాణ్ని క్లాసులో ఎట్లా కూర్చోబెట్టారని హెడ్మాస్టరు గారిని మందలించారు. సర్కారు డాక్టరు దగ్గర్నుంచి సర్టిఫికెట్టు తెచ్చేదాకా రానివ్వవద్దని విజిట్ బుక్కులో రాసి సంతకం పెట్టారు. దావీదు పుస్తకాలు తీసుకుని అప్పుడే వెళ్లిపోయాడు. నా గురించి కూడా రెండు ముక్కలు రాశారు, బోధనా పద్ధతి మెచ్చదగ్గది అని.

ఏసోబు

ఆదివారం పొద్దున ఏసోబు తన కొడుకుని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. వీధిలోనే నిలబడ్డాడు. నాకన్నా పదిహేనేళ్లు పెద్దవాడు. అయినా "ఏం ఏసోబూ, ఎందుకొచ్చావ్?" అనే అడిగాను. అప్పట్లో మా నోళ్లకి అదే అలవాటు.

"మావోడికి గజ్జుందని మీరన్నారంట గదయ్యా."

ఏసోబు తన కొడుకు చేత చొక్కా విప్పించాడు. వీపు తిప్పించాడు, చంకలు ఎత్తించాడు, వేళ్ల సందులు తెరిపించాడు.

"ఏడుందయ్యా? సూడండి. దూరంగుంటే కనపడదేమో, దిగొచ్చి తాకి సూడండి."

మెట్టు మీద నేనూ, నా వెనక గుమ్మంలో అమ్మ. మెట్టు దిగితే నాలుగడుగులు. నేను దిగలేదు.

"లేదులే ఏసోబూ. నాకు తెలుసు" అన్నాను.

"తెలిసే అన్నారా?"

దావీదు చొక్కా తొడుక్కుంటూ "పోదాం రా నాయనా" అన్నాడు. ఏసోబు వెళ్లబోతూ ఆగి, "మావోడు మీ గురించి సెడ్డగా సెప్పలేదయ్యా. మీకేదో ఇబ్బందొచ్చి ఉంటదన్నాడు" అన్నాడు. నన్ను తిట్టి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

సోమవారం హెడ్మాస్టరు గారితో చెప్పాను, నేను అన్నది అబద్ధమని రాసి ఇస్తానని. ఆయన తలుపు దగ్గరగా వేశారు. "రాస్తే ముందు మీ ఉద్యోగం పోతుంది. ఎందుకు అబద్ధం చెప్పారని విచారణ వస్తుంది, దాంతో ఊరు రెండవుతుంది. ఇవన్నీ దేనికి? సర్టిఫికెట్టు తెచ్చుకుంటే వారంలో వచ్చి కూర్చుంటాడు" అన్నారు. నాకు కావాల్సింది అట్లాంటి మాటే. సరేనని వచ్చేశాను.

వారం అనుకున్నది నెల దాటింది. రైళ్లు తగ్గించిన రోజులు. ఏసోబూ దావీదూ నరసరావుపేట వెళితే డాక్టరు గారు కలరా టీకాలు వేయడానికి ఊళ్లు తిరుగుతున్నారన్నారు. రెండోసారీ అంతే. మూడోసారి దొరికారు. చూసి, ఈ అబ్బాయికి ఎట్లాంటి చర్మవ్యాధీ లేదు, ఇంతకు ముందు ఉన్నట్టు మచ్చలు కూడా లేవు అని రాసిచ్చారు. అసలు చిక్కు అక్కడొచ్చింది. హాజరు తక్కువైంది గనక పరీక్షకి పంపాలంటే పైవాళ్లని మినహాయింపు అడగాలి, కారణం రాయాలి. జబ్బు అని రాద్దామంటే జబ్బు లేదని సర్టిఫికెట్టు చెప్తోంది. జబ్బు లేదని రాస్తే నెలరోజులు ఎందుకు రానివ్వలేదని అడుగుతారు. హెడ్మాస్టరు గారు ఆ కాగితం రెండుసార్లు రాసి రెండుసార్లూ చించేశారు. పరీక్షకి వెళ్లేవాళ్ల లిస్టులో దావీదు పేరు రాలేదు.

స్ప్రింగు

తర్వాతి ఏడు పొలాల కంచెకి వాడే ఇనపతీగ ఒకచోట పడి ఉంటే చూశాను. నరసరావుపేటలో సైకిళ్లు బాగుచేసే సైదా అనే ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన నా వయసువాడే, చేతిపని బాగా తెలిసినవాడు. ఇట్లా పొడుగ్గా, వదులుగా చుట్టగా రావాలన్నాను. "దీనికేముంది పంతులుగారూ" అని ఒక గొట్టం చుట్టూ తీగ బిగించి తిప్పి, టీ తాగే లోపల స్ప్రింగు చేసి చేతిలో పెట్టాడు. "ముందే రాకపోయారా? ఇన్నాళ్లూ ఇది లేకుండా ఏం సెప్పారు పిల్లలకి?" అన్నాడు. నవ్వులాటకే అన్నాడు.

ఆ స్ప్రింగు చాలా ఏళ్లు నాతో ఉంది. దాంతో చెప్పిన ప్రతిసారీ పిల్లలకి ఇట్టే అర్థమయ్యేది. అయినా ఆ తర్వాత బదిలీ అయి వెళ్లిన బడిలో వరస కూడా పెట్టాను. అందరినీ కలిపి, ఎక్కడా ఖాళీ లేకుండా. ఇద్దరు తండ్రులు వచ్చి కేకలేశారు. ఒకాయన నాలుగు రోజులు కొడుకుని బడి మాన్పించాడు, అయిదో రోజు వాడే వచ్చాడు. నా ఉద్యోగం పోలేదు. బడి మూతపడలేదు. ఇంతేనా అనిపించింది. ఇంత చిన్నదానికా అంత భయపడ్డాను అని చాలా రోజులు అన్నం సయించలేదు. ఊళ్లోవాళ్లు నిజంగా ఏం చేస్తారో తెలుసుకోకముందే వాళ్ల తరఫున మనమే చేసిపెడతాం. మేష్టర్లలో ఈ గుణం ఎక్కువ. మీలో ఉందేమో చూసుకోండి.

రాళ్ల దగ్గర

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. ఒకటి మిగిలింది. అది రాయకపోతే పైన రాసిందంతా ఒప్పుకోలు లాగా కనపడుతుంది, నేను ఏదో మారిపోయిన మనిషినని మీరు అనుకుంటారు.

దావీదు పేరు లేకుండా పరీక్షల లిస్టు వెళ్లిపోయిన ఆ ఏడే, మార్చిలో ఒక మధ్యాహ్నం, నేను గని దగ్గరికి వెళ్లాను. ఊరికి రెండు మైళ్లు. ఎండకి తెల్లరాయి కళ్లల్లోకి కొడుతోంది. పాతికమంది దాకా పనిచేస్తున్నారు. దావీదు ఒక పలక అంచు చెక్కుతున్నాడు. నన్ను చూసి సుత్తి కిందపెట్టి లేచాడు.

"ఎండనబడి వచ్చారేందండీ? అటు నీడకి రండి" అన్నాడు.

నీడలోకి వెళ్లాం. దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలన్నీ చెప్పాను. తప్పు నాదేనన్నాను. వచ్చే ఏడు మళ్లీ చేరమన్నాను, హాజరు సంగతి నేను చూసుకుంటానన్నాను. వాడు విన్నాడు. అడ్డం రాలేదు.

"మిషనోళ్లు వేరే అబ్బాయిని పంపించారండి ట్రెయినింగుకి. మా నాయనకి దగ్గొస్తంది, దుమ్ముకి. ఇంక నేనే సెయ్యాల" అన్నాడు.

"పుస్తకాలు నేనిస్తాను. ఇంటి దగ్గర చదువుకో. ప్రైవేటుగా పరీక్షకి కట్టిస్తాను."

"సూద్దాంలెండి" అన్నాడు. నన్ను నొప్పించకుండా పంపించడానికి అన్న మాట అది. పంతొమ్మిదేళ్లవాడు, ఆ మాట అనే తీరులో నాకన్నా ముసలివాడిలా ఉన్నాడు.

అప్పుడు ఏమనిపించిందో తెలియదు, చెయ్యి చాపి వాడి భుజం మీద వేశాను. ఒళ్లంతా రాతిదుమ్ము, చెమట. కింద ఎముక తగిలింది. వాడు ఉలిక్కిపడి నిలబడ్డాడు. పనివాళ్లు సుత్తులు ఆపి చూశారు. వాడు మెల్లగా భుజం తప్పించుకున్నాడు.

"వద్దండి. ఈడ చానామంది సూస్తన్నారు. మీరు ఇంటికి పోయి మళ్లీ నీళ్లు పోసుకోవాల్సొచ్చిద్ది" అన్నాడు.

కోపంగా అనలేదు, ఎగతాళిగా అనలేదు. నా కష్టం గురించి ఆలోచించి చెప్పాడు.

ఫర్వాలేదురా, నేను అవన్నీ పట్టించుకోను అని ఏదో అన్నాను. తిరిగి నడిచి వచ్చేసరికి సాయంత్రమైంది. నాకంటే ముందే కబురు ఇంటికి చేరింది. పెరట్లో రాయి మీద అమ్మ బిందెతో నీళ్లు, చెంబు, ఉతికిన పంచె పెట్టి ఉంచింది. చొక్కా విప్పి, ఆ చెంబు తీసుకుని, నెత్తి మీద నీళ్లు పోసుకున్నాను.